లింగన్న చూసిన పావుగంట

లింగన్న ఎనిమిదేళ్లలో కొన్ని వందల సినిమాలు చూశాడు. ఒక్కదానికీ మొదలు చూడలేదు.

అదేదో శాపం అనుకునేరు, ఉద్యోగం అంతే. బహ్రెయిన్‌లోని మనామాలో ఒక పెద్ద మాల్ పై అంతస్తులో ఆరు తెరల సినిమా హాలు ఉంది. ఆట ముగియడానికి పావుగంట ముందు ఊడ్చేవాళ్లు చీపురు, చేట, నల్ల కవరు పట్టుకుని లోపలికి వచ్చి, తెర కిందే ఎడమ మూలన ఉన్న తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడాలి. దీపాలు వెలిగి జనం దిగుతుంటే వీళ్లు ఎదురెక్కాలి. మళ్లీ ఆటకు నడుమ ఉండేది ఇరవై నిమిషాలు. అంతలో రెండు వందల కుర్చీల కింద చిందిన పాప్‌కార్న్, ఒలికిన కూల్‌డ్రింకు, ఎవరి బిడ్డదో ఒంటి చెప్పు, అన్నీ ఎత్తి తుడిచి బయటపడాలి. ఈ హాలు అయ్యేసరికి పక్క హాలులో ఇంకో సినిమా చివరికి వచ్చి ఉంటుంది. అలా రోజుకు పది పన్నెండు ముగింపులు. తెర కిందే నిలబడి చూస్తే బొమ్మలు సాగిపోయి కనిపిస్తాయి, ఎడమ అంచు మీద ఏం జరిగినా అసలు అంతుపట్టదు. అంతుపట్టి చేసేది కూడా ఏమీ లేదు. హీరో గెలిచినా, హీరోయిన్ చచ్చినా, లోకమే మునిగిపోయినా లింగన్నకు తోచేది ఒక్కటే, ఇంకాసేపట్లో నడుము వంచాలి.

ఆయనకు యాభై ఆరేళ్లు. మోకాళ్లకు ఇంకో పదేళ్లు ఎక్కువే ఉంటాయి. ఇరవై రెండేళ్ల కింద ఊళ్లో అందరికీ ‘దుబాయి పోతున్న’ అని చెప్పి బహ్రెయిన్‌లో దిగాడు. వాళ్ల మెట్‌పల్లి చుట్టుపక్కల పల్లెల్లో సముద్రం దాటినవాడు ఎక్కడ దిగినా దుబాయిలో ఉన్నట్టే లెక్క. మొదటి పద్నాలుగేళ్లు సెంట్రింగ్ పని. జల్లాఖ్ సముద్రపు ఒడ్డున ఇవాళ డబ్బున్నవాళ్లు సెలవులకు వెళ్లి ఈతలు కొట్టే హోటళ్లలో రెండింటికి చెక్కలు బిగించింది ఆయనే. ఒకరోజు పరంజా దిగుతుంటే మోకాలు ఖలాస్ అంది. ఎవరో పుణ్యాత్ముడు ఈ చీపురు పని ఇప్పించాడు. ఏసీలో పని, దొర ఉద్యోగం అని గదిలోవాళ్లు ఆటపట్టిస్తారు. భార్య భూలక్ష్మి ఫోన్లో ఎప్పుడొస్తావని అడిగితే వచ్చే ఏడాదికి అంటాడు. ఆ మాటను ఇద్దరూ నమ్మడం మానేసి చాన్నాళ్లయింది.

లింగన్నది ఒగ్గుకథ ఇల్లు. తాత చేతిలో ఒగ్గు అనే ఆ చిన్న డమరుకం మోగితే తెల్లవార్లూ కథ నడిచేది, పక్కన కూర్చుని ఊ కొట్టే పని మనవడిది. తండ్రి కాలానికి ఇళ్లల్లోకి టీవీలు వచ్చి పిలిచేవాళ్లు తగ్గారు. లింగన్న కాలానికి విమానం వచ్చింది. కథ మాత్రం నోట్లో ఉండిపోయింది. “ఊకెనే ఎవ్వలు ఏడ్వరు, ఊకెనే ఎవ్వలు సావరు. ఏడ్పు గనపడ్డదంటే ఎన్కకు తవ్వు, కారణం దొరుకుతది” అనేవాడు తాత. అదే పట్టుకున్నాడు లింగన్న. జిదాఫ్స్ కూరగాయల అంగళ్ల వెనక మేడ మీద ఆరుగురు ఉండే గది వాళ్లది. శుక్రవారం పొద్దున మిగతావాళ్లకు సెలవు, ఈయనకు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. పొయ్యి మీద మటన్ ఉడికే గంటన్నరసేపు ఆ వారం చూసిన ముగింపుల్లో ఒకదాన్ని తీసుకుని దానికి మొదలు తానే అల్లి చెప్పేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది వ్యవహారం. అయినా ఎవరూ తప్పు పట్టలేదు. ఫోన్లో సినిమా పూర్తిగా చూసినవాళ్లు కూడా మళ్లీ లింగన్న దగ్గర కూర్చుని వినేవాళ్లు, ఎందుకంటే చాలాసార్లు ఈయనదే బాగుండేది.

అట్లాంటి రోజుల్లో నాలుగో తెర మీదికి ఆ జపాను సినిమా వచ్చింది. పోస్టరు మీద నడినెత్తిన జుట్టు ముడి వేసుకున్న కత్తివీరుడు, వాడి వెనక మబ్బుల్లో ఒక ఎర్రటి ముఖం. వాళ్లను సమురాయిలు అంటారని, అది ఎన్నో వందల ఏళ్ల కిందటి వాళ్ల పాత కథ అని ఫ్లోర్ సూపర్‌వైజరు ఎడ్వర్డ్ చెప్పాడు. దొర కొలువులో కత్తి పట్టుకుని బతికే బంటు అని లింగన్న అర్థం చేసుకున్నాడు. ఆ సినిమా చివరి పావుగంట రెండు వారాల్లో ముప్ఫైసార్లు చూశాడు.

లింగన్న లోపలికి వచ్చేసరికి ఆ బంటు తన ఇంట్లో తలుపులన్నీ బిగించుకుని కూర్చుని ఉంటాడు. ఎదురుగా ఒక చెక్కపెట్టె. బయట వానలో ఒక ముసలామె తలుపు కొట్టి పిలుస్తూ ఉంటుంది. భాష తెలియకపోయినా ఏడుపు తెలుస్తుంది కదా, బిడ్డను సాకిన గొంతు అది. వాడు చాలాసేపు కదలడు. తర్వాత లేచి గడియ తీస్తాడు. ఆమె లోపలికి వచ్చి, తల తుడుచుకుని, పెట్టె చూపించమంటుంది. మూత తీస్తే అందులో నరికిన చెయ్యి. ఆమె దాన్ని ఎత్తి బిడ్డను హత్తుకున్నట్టు హత్తుకుని భుజానికి ఆనిస్తే చెయ్యి అతుక్కుంటుంది. అప్పుడు జుట్టు విరబోసుకుని, కోరలు బయటికి వచ్చి, కళ్లు నిప్పులై ఇంటి కప్పు పగలగొట్టుకుని పైకి లేచిపోతుంది. వాడు కింద వానలో తడుస్తూ చూస్తుంటాడు. దీపాలు వెలుగుతాయి.

మీకూ నాకూ అయితే అక్కడ రాక్షసి కనబడేది. లింగన్నకు కనబడలేదు. కోరలూ ఎర్ర కళ్లూ విరబోసిన జుట్టూ ఆయన చిన్నప్పటినుంచీ చేతులెత్తి మొక్కిన రూపం. కొడుకు చేతిలో తెగిన తల్లి దేవతై నిలిచిన కథ వాళ్ల ఇంటి కథే, తాత నోట వందసార్లు విన్నాడు. చెయ్యి వెతుక్కుంటూ వచ్చి అంతగా ఏడ్చిందంటే చెయ్యి ఆమెదే. పిలిచిన గొంతు తల్లిది. నరికినవాడి ముఖంలో ఆ దిగులు ఉందంటే వాడు కొడుకే. ఇంకా తవ్వేదేముంది? కథ దానంతట అదే నిలబడింది.

ఇక బాబు సంగతి చెప్పాలి. బాబు లింగన్న పక్క ఊరివాడు, ముప్ఫై ఒక్కేళ్లవాడు, ఏసీ గొట్టాలు బిగించే పనిలో ఉన్నాడు. ఐదేళ్లప్పుడే తల్లీ తండ్రీ పోతే పదహారేళ్ల అక్క ముత్తవ్వ కూలికి పోయి పెంచింది. ఊళ్లో వాళ్లకున్న రెండు గదుల ఇంటికి ఇటుకలు మోసింది కూడా ఆమే. తర్వాత ఆమెకు పెళ్లయింది, మొగుడు కొట్టేవాడు. మూడేళ్ల కింద బాబు సెలవు మీద ఊళ్లో ఉండగా ముత్తవ్వ బట్టల మూట పట్టుకుని వచ్చి, “నేనింక పోను తమ్మీ” అంది. బాబు రెండు రోజులు ఊరుకుని మూడో రోజు పెద్దమనుషుల మాట విని ఆమెను బండి మీద ఎక్కించుకుని పోయి మొగుడి ఇంట్లో దింపి వచ్చాడు. దారి పొడవునా ఆమె ఒక్క మాట అనలేదట. అప్పటినుంచీ వాడు ఆమె ఫోన్ ఎత్తడు. ఏమనాలో తెలియక ఎత్తడు. ఇల్లు తాళం వేసి ఉంది, తాళంచెవి పక్కింటి రమ దగ్గర ఉంది. నెల రోజులుగా ముత్తవ్వ రోజూ చేస్తోంది. రమ ద్వారా కబురు కూడా పంపింది, ఆ ఇంట్లో ఒక మూల ఉండనిమ్మని. ఫోన్ మంచం మీద బోర్లా పడి మోగుతూ ఉంటే గదిలో ఆరుగురూ వినబడనట్టు నటించేవాళ్లు.

ఆ శుక్రవారం మటన్ కలిపే వంతు బాబుది. లింగన్న గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని మొదలుపెట్టాడు.

“ఇనుండ్రి. ఒక తల్లి. మొగడు లేడు. మందిండ్లల్ల దంచి, నూరి, కొడుకును సాదింది. కొడుకు పెద్దగై రాజుకాడ కొలువుకు పోయిండు. కత్తిచ్చిండ్రు, గుర్రమిచ్చిండ్రు. తల్లి యాదికుంటదా? ఉండదు. ఏండ్లు పోయినయి. సూడబుద్ధై ముసల్ది నడుసుకుంట అచ్చింది. కోట దర్వాజ కాడ సీకటి. గుర్రం మీద వొయ్యేది కొడుకేనని కూసున్న తీరు సూసి గుర్తువట్టి కళ్లెం వట్టుకున్నది. వాడు దొంగనుకున్నడు. మొకం సూడలె. ఒక్కటే యేటు. సెయ్యి కిందవడ్డది.”

“తల్లి సెయ్యని తెల్వదా?” అన్నాడు ఎవరో.

“తెల్వదు. తెల్లారి సూస్తే తెలిసింది. అది అన్నం వెట్టిన సెయ్యి గద, కొడుక్కు గుర్తువట్టరాదా? గప్పుడు తలుపులు మూసుకున్నడు. ఎవ్వలకు మొకం సూపియ్యడు. ముసల్ది దినాం అచ్చి తలుపు గొడతాంది. బిడ్డా, నా సెయ్యి నాకియ్యి, నేను వోత. నిన్నేమంట లేను. తలుపు దియ్యి.”

గరిటె ఆగిపోయింది. అడుగంటిన వాసన వచ్చేదాకా ఎవరూ గమనించలేదు. లింగన్న మిగతా కథ కూడా చెప్పాడు, అమ్మ దేవతై లేచిపోయిందని, కొడుకు మొక్కుతూ నిలబడ్డాడని చెప్పి ముగించాడు. ఆ మధ్యాహ్నమే బాబు మెట్ల మీద నిలబడి రమకు ఫోన్ చేసి, “అక్క అస్తే తాళంచెవి ఇయ్యి వదినా” అన్నాడు. వచ్చి లింగన్న పక్కన కూర్చున్నాడు. లింగన్నకు చాలా ఏళ్ల తర్వాత తన నోటి మీద తనకే ముచ్చటేసింది. ఆ పూట చీపురు కూడా తేలిగ్గా అనిపించింది.

నాలుగు రోజులు కూడా నిలవలేదు ఆ ముచ్చట.

దేవేందర్ అని గదిలోనే ఇంకొకడు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇంటికి డ్రైవరు, నాలుగు ముక్కలు ఇంగ్లీషు చదవగలడు, చదవగలనని దినానికి నాలుగుసార్లు గుర్తు చేస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు, తనకు తెలిసింది చెప్పకుండా ఉండలేడు. కఫీల్ పిల్లలు, అంటే ఆ ఇంటి యజమాని పిల్లలు, ఆ సినిమాకు పోతూ ఇతన్నీ పక్కన కూర్చోబెట్టుకున్నారు. మంగళవారం పొద్దున చాయ్ తాగుతూ మొదలుపెట్టాడు.

“లింగన్నా, నువ్వు సెప్పిందంత ఉల్టా. ఆమె తల్లి గాదు, రాక్షసి. కోట దర్వాజ కాడ మనుషులను గుంజుకపోయి తినే రాక్షసి. ఈడు దాని సెయ్యి నరికిండు. పూజారి సెప్పిండు, ఏడు దినాలు తలుపు తియ్యకు, ఎవ్వలచ్చినా తియ్యకు, ఆ సెయ్యి కోసం అస్తదని. ఆరు దినాలు నిమ్మలంగ ఉన్నడు. ఏడో దినం అది ఈన్ని సాదిన పెద్దమ్మ ఏసం ఏసుకోని అచ్చింది. ఏడ్సింది. ఈడు తీసిండు, మోసపోయిండు. గదీ కథ.”

“పెద్దమ్మ ఏసమా?” అన్నాడు లింగన్న.

“ఆఁ. సాదినోళ్ల మొకం వెట్టుకోని అస్తే ఎవడైన కరుగుతడు గద.” దేవేందర్ బాబు వైపు తిరిగాడు. “నేను నీ మంచికే సెప్తున్న. ఆడది మొగన్ని ఇడిసి అచ్చి నీ ఇంట్ల కూసున్నదనుకో, రేపు మీ బావ మంది నీ మీద కేసేస్తరు. అటెన్క ఇల్లు నాదంటది. నువ్వు గీడ, అది గాడ. ఏంజేస్తవ్?”

బాబు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. లింగన్న వైపు చూసిన చూపులో కోపం కంటే మోసపోయిన బాధ ఎక్కువ ఉంది. “సగం సూసి గట్లెట్ల సెప్పినవ్ కాకా?” అని మాత్రం అన్నాడు. డ్యూటీ వ్యాన్ ఎక్కబోతూ రమకు ఫోన్ చేశాడు, నేను చెప్పేదాకా తాళంచెవి ఇయ్యకు అని.

శుక్రవారం రమ చెప్పిన మాట నమ్మి బయల్దేరిన ముత్తవ్వ ఆ సాయంత్రమే మూటతో దిగింది. తాళం వేసిన ఇంటి ముందు కాసేపు నిలబడి, రమ అరుగు మీద కూర్చుందని కబురు వచ్చింది. ఫోన్ మాత్రం చేయలేదు. మోగినప్పటికంటే మోగకపోవడమే గదిలో ఎక్కువ బరువైపోయింది.

లింగన్నకు మొదట కోపం వచ్చింది. కూర ఉడికేదాకా ఏదో నాలుగు మాటలు చెబితే, దాని మీద ఒక మనిషి బతుకును నిలబెట్టుకుంటారా? తరువాత సిగ్గేసింది. ఆడదాన్ని పుట్టింటి వాకిట్లోకి రప్పించింది తన కథే, అక్కడ ఆపింది కూడా తన కథే. రెండు రోజులు కుర్చీల కింద ఊడుస్తూ అదే ఆలోచించాడు. అలసటలో ఆలోచన కూడా సగమే నడుస్తుంది, ఒక వరుస అయ్యేసరికి ఎక్కడ ఆపాడో మరచిపోయేవాడు. చివరికి బుధవారం ఎడ్వర్డ్ దగ్గరికి పోయి, రేపు నా సెలవు, ఆ జపాను సినిమా మొదటినుంచి చూస్తాను సార్ అన్నాడు.

ఎడ్వర్డ్ భీమవరం వైపు మనిషి. తెల్లబోయాడు. “ఎనిమిదేళ్లకి సినిమా పిచ్చి పట్టిందేంటండీ లింగన్నగారూ? సరే, పదకొండు గంటల ఆటకి జనం ఉండరు. వెనక వరసలో కూర్చోండి. యూనిఫాం వేసుకుని మాత్రం రాకండే, ఎవరైనా చూస్తే నాకు మాటొస్తుంది.”

గురువారం లింగన్న ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని, వెనక వరుసలో నడిమి కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిదేళ్లుగా తుడుస్తున్న కుర్చీ, కూర్చోవడం అదే మొదలు. అది అంత మెత్తగా ఉంటుందని ఆయనకు తెలియదు. దీపాలు ఆరిపోయాయి. చల్లటి గాలి. తెర మీద ఒక కొండ, దాని మీద మంచు, ఎక్కడో గంట మోగింది. లింగన్న కాళ్లు చాపుకున్నాడు.

అంతే. ఏం చెప్పమంటారు, నిద్రపోయాడు. ఇరవై రెండేళ్ల నిద్ర ఎక్కడో వరుసలో నిలబడి వంతు కోసం చూస్తున్నట్టుంది, సందు దొరకగానే వచ్చి మీద పడింది. కోట దర్వాజా, రాక్షసీ, పూజారీ, ఆరు రోజుల కాపలా, ఏదీ చూడలేదు. మెలకువ వచ్చేసరికి బంటు తలుపులు బిగించుకుని పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. వాన పడుతోంది. ఆట ముగియడానికి పావుగంట ముందు ఒళ్లు దానంతటదే లేచింది, చెయ్యి చీపురు కోసం తడుముకుంది. లింగన్నకు తన మీద తనకు ఏడుపొచ్చింది.

ఇక చేసేదేముంది, ఆ పావుగంటే మళ్లీ చూశాడు. కాకపోతే ఎదురుగా కూర్చుని, తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూశాడు. ముప్ఫైసార్లు చూసినా ఎడమ అంచున ఏం జరుగుతుందో ఎన్నడూ తెలియలేదు. ముసలామె పిలుస్తున్నప్పుడు బంటు లేచి ఆ అంచుకు పోతాడు. తలుపు చెక్కల నడుమ సందులోంచి బయటికి చూస్తాడు. ఆమె ఒక చేత్తో తలుపు కొడుతూ ఉంటుంది. ఇంకో పక్క చొక్కా చెయ్యి ఖాళీగా, తడిసి ఒంటికి అంటుకుని ఉంటుంది. వాడు దాన్ని చూస్తాడు. కత్తి తీసి గోడకు ఆనించి పెడతాడు. అప్పుడు గడియ తీస్తాడు.

దీపాలు వెలిగాక కూడా లింగన్న లేవలేదు. పక్క షిఫ్టు పిల్లవాడు వచ్చి, “యల్లా భాయ్, ఖలాస్” అంటే లేచాడు.

ఆ సాయంత్రం రమ దగ్గరినుంచి కబురు. ముత్తవ్వ రేపు పొద్దున తిరిగి మొగుడి ఊరికి పోతుందట. రెండు రోజులు వేరేవాళ్ల అరుగు మీద కూర్చుంది, ఇంకెన్నాళ్లు కూర్చుంటుంది అంది రమ. బాబు ఆ మాట విని తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున పది దాటినా ఎవరూ పొయ్యి వెలిగించలేదు. లింగన్న పోయి బాబు మంచం అంచు మీద కూర్చున్నాడు. ఆయనకు చెప్పాలని లేదు. కథ చెప్పి ఒకసారి మనిషి బతుకును అటు తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పడానికి నేనెవణ్నని లోపల పీకుతూనే ఉంది. అయినా చూసింది మింగి కూర్చోవడం చేతకాలేదు.

“నేను నిన్న సిన్మకు వొయిన” అన్నాడు.

“మొత్తం సూసినవా?” దేవేందర్ ఆత్రంగా అడిగాడు.

“లేదు. పన్నా. నిద్రవట్టింది.”

దేవేందర్ పడీపడీ నవ్వాడు. బాబు నవ్వలేదు, ఇటు తిరగలేదు కూడా.

“దేవేందర్ సెప్పింది నిజమే” అన్నాడు లింగన్న. “ఆమె తల్లి గాదు, రాక్షసే. నేను అబద్ధం సెప్పిన, తెల్వక సెప్పిన. గని బాబూ, ఆడు మోసపోలేదు రా. తలుపు సందుల నుంచి సూసిండు. ఆమెకు ఒక్క సెయ్యే ఉన్నది. ఇంకో దిక్కు సొక్క సెయ్యి ఊగులాడుతాంది. సూసిండు. కత్తి తీసి పక్కకు వెట్టిండు. గప్పుడు తీసిండు తలుపు.”

దేవేందర్ నవ్వు ఆపాడు. ఆలోచించాడు. “ఉన్నది” అన్నాడు మెల్లగా. “గది ఉన్నది. నేను సూసిన గని పట్టించుకోలె. అయితే మాత్రమేంది? తెలిసి తీసినోడు ఇంకింత పిచ్చోడు. సెయ్యి పాయె గద.”

“ఆ సెయ్యి ఆనిది గాదు గద” అన్నాడు లింగన్న.

“రాక్షసిది!”

“రాక్షసిదైతేంది? సెయ్యి ఆమెదే గద.”

ఏసీ నీళ్లు కింద డబ్బాలో పడుతున్న చప్పుడు వినబడుతోంది. లింగన్న మోకాళ్లు పట్టుకుని లేవబోయాడు, ఇంకేమీ చెప్పే ఓపిక లేదు. బాబు లేచి కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. లింగన్న మళ్లీ కూర్చున్నాడు.

మొదట రమకే చేశాడు. “వదినా, అక్కకు తాళంచెవి ఇయ్యి.”

“ఇంకెక్కడి అక్క?” రమ గొంతు స్పీకర్లో గదంతా వినబడింది. “పొద్దుగాల ఆరింటికే పాయె గద. బుక్కెడు చాయ తాగుమన్న, తాగలె. మీ ఇంటి ముంగట వాకిలంత ఊడ్సింది, నీళ్లు జల్లింది, ముగ్గేసింది. ఎవ్వలు లేని ఇంటికి ముగ్గెందుకు అక్కా అన్న. తమ్మునిల్లు పాడువడ్డట్టు ఉండద్దు అన్నది. మూట నెత్తిన వెట్టుకోని పోయింది.”

బాబు ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు. అక్కడ ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. ఆరింటికి బయల్దేరిన మనిషి ఈపాటికి మొగుడి గుమ్మం తొక్కి ఉంటుంది.

“ఆమెకే చెయ్యి రా” అన్నాడు లింగన్న.

“ఎత్తుతదా?”

“ఎత్తకపోతే మల్ల చెయ్యి. నెల రోజులు ఆమె చేసింది గద.”

బాబు చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. రెండోసారి చివరిదాకా మోగి ఆగిపోయింది. మూడోసారి కట్ అయ్యేలోపు అవతల గాలి చప్పుడు, ఎవరో పల్లీలమ్మే కేక, దాని వెనక ఆడమనిషి ఊపిరి వినిపించాయి.

“అక్కా” అన్నాడు బాబు. మూడేళ్ల తర్వాత ఆ మాట సరిగా బయటికి రాలేదు. “అక్కా, నేను. తాళంచెవి రమ దగ్గరున్నది. ఇల్లు తీస్కో. నువ్వు... నువ్వు యాడున్నవే? పోయినవా ఆడికి?”

ముత్తవ్వ గొంతు వచ్చింది, రమ వాకిలి దాటినప్పటినుంచీ ఎవరితోనూ మాట్లాడని గొంతు.

“బస్టాండ్లనే ఉన్న తమ్మీ. మూడు బస్సులు పోయినయి. నేను ఎక్కలె.”